అభిప్రాయాల మీటరు

ఇడ్లీ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు విజయవాడలో ఎవరైనా ఉన్నారా అంటే, ఉన్నారు. ఆటోనగర్ చివర ఒక అద్దాల మేడలో, నాలుగో అంతస్తు మీటింగు హాల్లో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళు రోజుకు ఇరవై టన్నుల ఇడ్లీ పిండి రుబ్బించి, ప్యాకెట్లలో నింపించి మూడు జిల్లాలకు పంపుతారు. కంపెనీ పేరు మృదుల ఫుడ్స్. ప్యాకెట్టు మీదికి ఒక ఇడ్లీ బొమ్మ కావాలని వాళ్ళు ఆషాఢంలో అనుకున్నారు. కార్తీకం వెళ్ళిపోతున్నా ఇంకా అనుకుంటూనే ఉన్నారు.

ఆ పదకొండు మందీ రోజూ పదిన్నరకు కిందికి దిగి, గేటు ఎదురుగా ఉన్న నాంచారమ్మ బండి దగ్గర ఇడ్లీ తింటారు. తినేటప్పుడు ఎవరికీ ఏ సందేహమూ రాదు. లిఫ్టెక్కి పైకి వెళ్ళాకే ఇడ్లీ అంటే ఏమిటన్న ప్రశ్న మొదలవుతుంది.

బొమ్మ గీసే పని భానుమూర్తిది. ఎక్కడా ఉద్యోగం చేయకుండా, ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని, అడిగిన కంపెనీకల్లా బొమ్మలు గీసిచ్చి బతుకుతాడు. ఈ ఇడ్లీకి మొత్తం కలిపి పద్దెనిమిది వేలని మాట్లాడుకున్నాడు. అతను మొదట గీసిన బొమ్మ చాలా బాగుంటుంది. ఇది నా మాట కాదు, చూసినవాళ్ళందరి మాట. స్టీలు పళ్ళెంలో ఒకే ఒక ఇడ్లీ. ఒక పక్కన ఎవరో బొటనవేలితో తుంచారు. తుంచినచోట నూకనూకగా లోపలి తెలుపు కనిపిస్తుంది, అక్కణ్ణుంచి సన్నగా ఆవిరి లేస్తుంది. పక్కన అల్లం పచ్చడి ఉండీ లేనట్టు ఒక చుక్క. చూస్తే నోట్లో నీళ్ళూరతాయి.

మీటింగులో ఎవరికీ ఊరలేదు.

“తుంచిన ఇడ్లీ అంటే లోపభూయిష్టమైన ఉత్పత్తి అనే సందేశం వెళ్ళే అవకాశం ఉంది,” అన్నాడు క్వాలిటీ మేనేజరు.

“అసలు తుంచిందెవరు? మన లక్షిత వినియోగదారుడా, పోటీ కంపెనీవాడా? ఆ స్పష్టత బొమ్మలో లోపించింది,” అంది మార్కెటింగ్ మేడం.

“ఒంటరి ఇడ్లీ ఏకాకితనాన్ని సూచిస్తోంది. మన సంస్థ విలువల్లో సమష్టితత్వం మూడోది,” అన్నాడు ఉద్యోగుల వ్యవహారాలు చూసే పెద్దమనిషి.

భానుమూర్తి రెండు ఇడ్లీలు గీశాడు. తరవాత నాలుగు. తరవాత నాలుగూ చేతులు పట్టుకున్నాయి. ఒకదానికి తలపాగా వచ్చింది, సంప్రదాయం కోసం. ఇంకోదానికి నల్లకళ్ళద్దాలు వచ్చాయి, యువత కోసం. ‘ఇడ్లీ ఫైనల్’, ‘ఇడ్లీ ఫైనల్ కొత్తది’, ‘ఇడ్లీ ఇదే ఫైనల్’ అంటూ అతని కంప్యూటర్లో ఇరవై ఏడు ఫైళ్ళు చేరాయి. ఇరవై ఏడోది చూసి మేనేజింగ్ డైరెక్టర్ వైకుంఠరావుగారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, “మొదటిదే నయమనిపిస్తోంది. కానీ అది కాదు,” అన్నారు.

భానుమూర్తికి పద్దెనిమిది వేలు రాలేదన్న బాధ ఉంది గానీ, అసలు బాధ అది కాదు. అతని తండ్రి పేరయ్య నలభై ఏళ్ళు ఇదే ఆటోనగర్‌లో లారీలకు బొమ్మలు వేశాడు. నెమళ్ళు, తామరపూలు, ఆవూ దూడా. ఇప్పుడు చూపు మందగించి ఇంటిపట్టున ఉంటున్నాడు గానీ, ఆయన నెమళ్ళు మాత్రం నాగపూర్ దాకా తిరుగుతున్నాయి. కొడుకు పదకొండేళ్ళుగా బొమ్మలు గీస్తున్నాడు, ఒక్కటీ గీసింది గీసినట్టు వీధిలోకి రాలేదు. నూనె డబ్బాకి గీసిన పొద్దుతిరుగుడు పువ్వు బయటికొచ్చేసరికి సూర్యుడైంది. బడికి గీసిన పుస్తకం విమానమైంది.

“మొన్న పెళ్ళికి పోతుంటే హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ మీద నా నెమలి కనబడిందిరా,” అంటాడు పేరయ్య అన్నం ముందు కూర్చుని. “రంగు వెలిసింది గానీ, మెడ తిప్పిన తీరు నాదే. అవునూ, నీ ఇడ్లీ బయటికొచ్చిందా?”

“వస్తుంది నాన్నా.”

“ఇంకా ఉడకలేదా?”

భానుమూర్తి పప్పు కలుపుకోవడంలో మునిగిపోతాడు. చచ్చేలోగా ఒక్క బొమ్మయినా నాది నాదిగా వీధిలో కనబడాలి, దాన్ని నాన్న చూడాలి అనేది అతని కోరిక. పైకి ఎవరితోనూ అనడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతని భార్య హైమ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఈ సంగతి తేల్చేసింది. ఆవిడ కరెంటాఫీసులో బిల్లింగు సెక్షన్. పదిహేనేళ్ళుగా జనం దేన్ని ఎంత వాడతారో, ఎప్పుడు ఆపుతారో చూస్తున్న మనిషి.

“ఏమండీ, మీరు బొమ్మకు రేటు పెట్టారు. వాళ్ళు బొమ్మ వాడట్లేదు గదా!”

“మరి?”

“వాళ్ళు వాడేది అభిప్రాయాలు. వాడేదానికి పెట్టాలండీ రేటు. మీటరు లేని రోజుల్లో మా పెదనాన్నగారింట్లో పట్టపగలు వసారాలో లైటు వెలుగుతుండేది. మీటరు బిగించారో లేదో, ఏడుగురూ ఒక్క ఫ్యాను కిందే పడుకున్నారు.”

పాత కరెంటు బిల్లు వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. ఒక్కో డిపార్టుమెంటుకు విడిగా ఒక సర్వీసు నంబరు. మొదటి మూడు అభిప్రాయాలకు ఒక్కోదానికి రెండొందలు. నాలుగు నుంచి పది దాకా ఐదొందలు. ఆ పైన పన్నెండొందలు. పాతిక దాటితే మూడు వేలు. వాడినా వాడకపోయినా నెలకు కనీస ఛార్జీ పదిహేను వందలు. శుక్రవారం సాయంత్రం ఐదు దాటాక చెప్పే అభిప్రాయానికి రెట్టింపు. “మళ్ళీ పాతదానికే వెళ్దాం” అంటే దానికి వేరే, రీకనెక్షన్ ఛార్జీ.

“ఇది చూపిస్తే నన్ను గెంటేస్తారే!” అన్నాడు భానుమూర్తి.

“గెంటితే గెంటనివ్వండి. ఇప్పుడేమన్నా పల్లకీలో తిప్పుతున్నారా?”

మర్నాడు ఆ కాగితం శుభ్రంగా టైపు చేయించి, గుండె గట్టి చేసుకుని కంపెనీకి వెళ్ళాడు. దాన్ని చదివింది డిప్యూటీ జనరల్ మేనేజరు పరాంకుశంగారు. ఆయన పరిపాలన విభాగానికి అధిపతి. మంచినీళ్ళు కావాలన్నా ‘జలవనరు’ అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. భానుమూర్తి లేచి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు.

“కూర్చోండి భానుమూర్తిగారూ. ఇందులో స్లాబులున్నాయి. కనీస ఛార్జీ ఉంది. సర్వీసు నంబర్లున్నాయి. మీరు దీన్ని ధరల పట్టిక అంటున్నారు, అది మీ వినయం. ఇది ధరల పట్టిక కాదు. వ్యవస్థ!”

“అంటే... మీకు సమ్మతమేనా సార్?”

“పద్దెనిమిది వేలు అని ఒక అంకె వేసి ఇస్తే, అది ఎక్కువా తక్కువా అని తేల్చడానికి మాకు ఐదు నెలలు పట్టింది. తేలలేదు. ఇందులో తేల్చవలసిన పనే లేదు. కూడుకుంటూ పోవడమే!”

ఆ సాయంత్రమే సర్క్యులర్ వెలువడింది. ‘సమస్త విభాగాధిపతులకు తెలియజేయునది ఏమనగా, అభిప్రాయము అనునది పరిమితమైన వనరు. ఇంతవరకు సంస్థలో అభిప్రాయములు మీటరు లేకుండా వినియోగమగుచుండుట యాజమాన్యము దృష్టికి వచ్చినది. ఇకమీదట మీటరు లేని అభిప్రాయము చెల్లదు.’ దాని కింద ఐదు లక్షల వార్షిక బడ్జెట్టు, దాన్ని చూసుకోవడానికి ‘అభిప్రాయ వినియోగ నియంత్రణ విభాగం’, దానికి అధిపతిగా పరాంకుశంగారే.

మీటరంటే మరేం కాదు. గుళ్ళో ప్రదక్షిణలు లెక్కపెట్టుకోవడానికి వేలికి తొడుక్కునే చిన్న కౌంటరు. భానుమూర్తి బీసెంట్ రోడ్డులో అరవై రూపాయలకు కొన్నాడు. వెనక్కి తిప్పడానికి వీల్లేకుండా పరాంకుశంగారు దానికి సీసపు సీలు వేయించారు.

మీటరు పెట్టాక జరిగిన మొదటి మీటింగులో భానుమూర్తి తన మొదటి బొమ్మనే మళ్ళీ తెర మీద వేశాడు. క్వాలిటీ మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

“ఆవిరి కొంచెం...”

టిక్.

ఆయన ఉలిక్కిపడ్డాడు. “నేను వాక్యం పూర్తి చేయలేదే!”

“స్విచ్చి వేశాక బల్బు వంక చూడకపోయినా యూనిట్టు పడుతుంది సార్,” అన్నాడు భానుమూర్తి, భార్య నేర్పిన మాట.

“ఇది అన్యాయం!”

టిక్.

హాల్లో నిశ్శబ్దం అలముకుంది. ఆ గోడలు అలాంటి నిశ్శబ్దాన్ని కట్టిన నాటి నుంచి ఎరగవు. మార్కెటింగ్ మేడం నోరు తెరిచి, ఎదురుగా ఉన్న తన సర్వీసు నంబరు చూసుకుని, మంచినీళ్ళు తాగి మూసుకుంది. రెండు గంటల మీటింగు పన్నెండు నిమిషాల్లో ముగిసింది. పదకొండు మందీ ఇళ్ళకు వేళకు చేరారు. ఒకరిద్దరి ఇళ్ళలో భార్యలు ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకుని చూశారట.

కానీ అలవాటైన ప్రాణాలు ఊరుకుంటాయా? వారం తిరక్కుండా చౌర్యం మొదలైంది. కొందరు అభిప్రాయాన్ని ప్రశ్నలో చుట్టి వదిలేవారు: “పళ్ళెం రాగిదైతే ఎలా ఉండేదో కదా అని ఊరికే అడుగుతున్నానంతే.” మార్కెటింగువాళ్ళ అభిప్రాయాలు గోదాం సర్వీసు నంబరు మీద రావడం మొదలైంది, ఎందుకంటే గోదాం ఇంకా మొదటి స్లాబులోనే ఉంది. పరాంకుశంగారు కొక్కేలు వేసి కరెంటు లాక్కునేవాళ్ళ మీద వేసినట్టే ఒక తనిఖీ దళం వేశారు. ఆ దళం కారిడార్లో, క్యాంటీన్లో, లిఫ్టులో చెవులు రిక్కించుకుని తిరిగింది. అకౌంట్స్‌లో ఒకాయన బొమ్మ చూసి కనుబొమ పైకెత్తాడని పట్టుకొచ్చారు. కనుబొమ ఎత్తడం అభిప్రాయమా కాదా అని తేల్చడానికి ఎవరో ఒకరు ఒక అభిప్రాయం చెప్పవలసి వచ్చింది. దాన్ని ఎవరి ఖాతాలో రాయాలో తెలియక, కనుబొమను ఉన్నచోటే ఉంచమని తాత్కాలిక ఉత్తర్వులిచ్చి ఫైలు పక్కన పెట్టారు.

ఎండీగారికి రైతులకిచ్చినట్టు ఉచిత సరఫరా ఇవ్వాలని ఒకరు ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనకు మూడు వేలు పడింది. ప్రతిపాదించినాయనే దాన్ని వెనక్కి తీసుకున్నాడు, దానికీ పడింది.

సంక్రాంతి దాటేసరికి మీటరు తిరగడం పూర్తిగా ఆగిపోయింది. భానుమూర్తి ప్రతి మంగళవారం వెళ్ళి అదే బొమ్మ తెర మీద వేసేవాడు. తుంచిన ఇడ్లీ, ఆవిరి, పచ్చడి చుక్క. ఎవరూ మాట్లాడరు. “ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అంటే లేదు. పదకొండేళ్ళలో మొదటిసారి అతని బొమ్మ మీద ఎవరికీ అభ్యంతరం లేదు! ఇంటికి వచ్చి తండ్రితో, “ఈ నెలలో వచ్చేస్తుంది నాన్నా,” అన్నాడు. పేరయ్య వెక్కిరించకుండా తలూపాడు.

మరుసటి మంగళవారం ధైర్యం చేసి అడిగేశాడు. “అయ్యా, ఎవరికీ అభ్యంతరం లేదు కాబట్టి, ఎండీగారు ‘సరే’ అంటే ప్రింటుకు పంపేస్తాను.”

వైకుంఠరావుగారు నోరు తెరిచారు. పరాంకుశంగారు మెరుపులా లేచి నిలబడ్డారు.

“ఒక్క క్షణం సార్! ‘సరే’ అనునది కూడా అభిప్రాయమే. నిరభ్యంతరం వేరు, అంగీకారం వేరు. తమరి సర్వీసు నంబరు మీద వాడకం పాతిక దాటి ఉంది, కనుక ఒక ‘సరే’కు మూడు వేలు. తమరికి విడిగా విభాగం లేదు గనుక, ఇది ఏ విభాగం ఖాతాలో పడవలెను?”

మార్కెటింగ్ మేడం కిటికీ వంక చూసింది. క్వాలిటీ మేనేజరు తన చేతిగీతలు పరిశీలించుకున్నాడు. ఉత్పత్తి విభాగంవారు ‘సరే’ వల్ల లాభపడేది అమ్మకాల విభాగమన్నట్టు అటు తల తిప్పారు. అమ్మకాలవారు తల తిప్పలేదు, ఎందుకంటే తల తిప్పడం తనిఖీ దళం పరిశీలనలో ఉంది.

“నేను ఉచితంగా ఇస్తాను సార్,” అన్నాడు భానుమూర్తి ఆత్రంగా. “ఆ ఒక్క ‘సరే’కీ మీటరు నొక్కను.”

పరాంకుశంగారు అతన్ని జాలిగా చూశారు. “మీటరు లేని సరఫరాను ప్రోత్సహించడమా? వ్యవస్థ మీరు తెచ్చినదే భానుమూర్తిగారూ. దాన్ని మీరే వంచకండి.”

అలా ఫిబ్రవరి గడిచిపోయింది. అద్దాల మేడలో పదకొండు మంది ‘సరే’ అనడానికి సిద్ధంగా ఉండి, అనకుండా కూర్చున్నారు.

మార్చి మొదటి వారంలో పరాంకుశంగారు లెక్క చూసుకుని అదిరిపడ్డారు. ఐదు లక్షల బడ్జెట్టులో నాలుగు లక్షలకు పైగా మిగిలిపోయింది. మిగిలింది కదా అని ఎవరైనా మెచ్చుకుంటారనుకుంటే పొరపాటు. మార్చి ముప్పై ఒకటిలోగా వాడకపోతే అది మురిగిపోతుంది. ఆపైన, వాడని నిధి అంటే అక్కరలేని నిధి. వచ్చే ఏడాది కోత. విభాగమే ఎత్తేయవచ్చు.

వెంటనే గేటుకు బ్యానరు కట్టారు: ‘అభిప్రాయ వినియోగ పక్షోత్సవాలు. మీ అభిప్రాయం, మీ బాధ్యత!’ ప్రతి విభాగానికీ లక్ష్యం విధించారు. లక్ష్యం చేరినవారికి ప్రెషర్ కుక్కరు. డ్రైవర్లు, సెక్యూరిటీవాళ్ళు, పిండి రుబ్బేవాళ్ళు, ఏసీ బాగుచేయడానికి వచ్చినవాళ్ళు, అందరినీ బతిమాలి మీటింగు హాల్లోకి తీసుకొచ్చారు.

“నాకేం అభిప్రాయం లేదండీ. ఇడ్లీలాగే ఉంది,” అన్నాడు ఒక డ్రైవరు.

“అలా నిరాసక్తంగా ఉంటే సంస్థ ఎలా ముందుకు వెళుతుందయ్యా?” అన్నారు పరాంకుశంగారు. “ప్రయత్నించు.”

డ్రైవరు పాపం చాలాసేపు ప్రయత్నించి, “పచ్చడి వద్దండీ, నాకు అల్సరు,” అన్నాడు. టిక్. పచ్చడి పోయింది.

డబ్బు పడిన అభిప్రాయాన్ని అమలు చేయకపోతే ఆడిట్‌లో తప్పు పడుతుంది. అందుకని వచ్చింది వచ్చిన వరసలోనే బొమ్మలో చేర్చాలని పరాంకుశంగారు ఆదేశించారు. భానుమూర్తి ఎడమచేత్తో మీటరు నొక్కుతూ, కుడిచేత్తో బొమ్మ మారుస్తూ పదిహేను రోజులు కూర్చున్నాడు. బొటనవేలు వాచి బజ్జీలా తయారైంది. పళ్ళెం ఖరీదైనదిగా ఉంది, తీసేయండి. తుంచినచోటు పూడ్చండి. ఆవిరి చూస్తే వేసవిలో ఉక్కపోస్తోంది, ఆపండి. ఇడ్లీ ఇంకా తెల్లగా ఉండాలి. ఇంకా. ఇంకా. వెనకాల రంగు తెల్లగా ఉంటే స్వచ్ఛత. ఇడ్లీ చుట్టూ ఉన్న గీత చిన్నపిల్లలను భయపెడుతుంది. నీడ అశుభం.

ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఐదూ నలభైకి తెర మీద ఉన్నదేమిటంటే, తెల్లటి నేపథ్యంలో, గీత లేకుండా, నీడ లేకుండా, తెల్లటి ఇడ్లీ. అంటే ఖాళీ తెర. హాలంతా దాని వంక చూస్తోంది.

పరాంకుశంగారు లెక్క చూసి ప్రకటించారు. “బడ్జెట్టులో సరిగ్గా మూడు వేలు మిగిలాయి. పాతిక దాటిన స్లాబులో ఒకే ఒక్క అభిప్రాయానికి సరిపోతుంది. ఎండీగారు ‘సరే’ అనవచ్చు!”

అందరూ చప్పట్లు కొట్టారు. వైకుంఠరావుగారు లేచి కోటు సర్దుకున్నారు.

భానుమూర్తి ఉన్నట్టుండి లేచాడు. ఎప్పుడూ లేవనివాడు లేచాడు. “ఆగండి సార్! ఆ ఒక్క ‘సరే’ దీనికి అనకండి. నా మొదటి బొమ్మకు అనండి.” గబగబా పాత ఫైలు తెరిచి తెర మీద వేశాడు. తుంచిన ఇడ్లీ, ఆవిరి. “ఇది బాగుంటుంది సార్. నిజంగా బాగుంటుంది. ఇది ఇడ్లీ!”

హాల్లో ఎవరో గుటక మింగారు. ఎండీగారి చూపు క్షణం ఆ ఆవిరి మీద నిలిచింది.

“ఇది మీ అభిప్రాయమా?” అన్నారు పరాంకుశంగారు.

“అవును సార్.”

“ఏ సర్వీసు నంబరు?”

భానుమూర్తి దగ్గర లేదు.

పరాంకుశంగారు టారిఫ్ కాగితం తీసి పైనుంచి కింది దాకా వేలుతో చూసుకుంటూ వచ్చారు. “మార్కెటింగ్ ఉంది, గోదాం ఉంది, డ్రైవర్లున్నారు. బొమ్మ గీసినవారికి అభిప్రాయం ఉంటుందని ఇందులో ఎక్కడా లేదండీ. ఈ పట్టిక తయారుచేసింది తమరే కదా?”

అతను తెర మీది నుంచి తన బొమ్మను తనే తీసేశాడు. ఖాళీ తెర వచ్చింది. “సరే,” అన్నారు వైకుంఠరావుగారు. టిక్.

చెక్కు మర్నాడే వచ్చింది. కనీస ఛార్జీలతో సహా సరిగ్గా ఐదు లక్షలు. అంత డబ్బు ఒక్క బొమ్మకు అతనికి ఎప్పుడూ రాలేదు, పైగా అది బొమ్మ కూడా కాదు. హైమ చెక్కు చూసి సంబరపడింది. మొగుడి మొహం చూసి మానేసింది.

“మీ పేరుతో ఒక సర్వీసు నంబరు వేయడం మరిచిపోయానండీ,” అంది మెల్లగా. “మా ఆఫీసులో కరెంటు తయారుచేసేవాడికి బిల్లు వేయం గదా, తట్టలేదు.”

పది రోజులకు ప్యాకెట్టు కొట్లలోకి వచ్చింది. గవర్నరుపేటలో ఒకాయన దాన్ని సున్నం అనుకుని కొని, ప్రహరీగోడకు వేసి, రెండోరోజు గోడ పులిసిందని కొట్టువాడితో తగువు పెట్టుకున్నాడట. భానుమూర్తి ఒక ప్యాకెట్టు తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. పేరయ్య కళ్ళజోడు పెట్టుకుని ముందు చూశాడు, వెనక చూశాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు.

“బొమ్మ ఎటు పక్కరా?”

“ఉంది నాన్నా. కనబడదు.”

పేరయ్య ఎగతాళి చేస్తాడని అతను కాచుకుని కూర్చున్నాడు. పేరయ్య మాత్రం ప్యాకెట్టు కింద పెట్టి, “నువ్వు మొదట గీసింది ఏదిరా? కాగితం మీద పెద్దది తీసి పట్రా,” అన్నాడు. తరవాత మంచం కిందనుంచి ఎనామిల్ డబ్బాలూ, గుడ్డలో చుట్టిన కుంచెలూ లాగాడు. “రంగులు నువ్వు చూసి కలుపు. నాకు తెలుపుకీ పసుపుకీ తేడా తెలియట్లా. చెయ్యి మాత్రం నాదే.”

తండ్రీ కొడుకులిద్దరూ స్కూటరు మీద సరాసరి నాంచారమ్మ బండి దగ్గరికి వెళ్ళారు. మధ్యాహ్నం మూడయింది. ఆవిడ గిన్నెలు తోముకుంటోంది.

“నాంచారమ్మా, నీ బండికి బొమ్మ లేదు గదా. ఇది వేద్దామనుకుంటున్నాం,” అన్నాడు పేరయ్య.

ఆవిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుని కాగితం చూసింది. ఎంతసేపు చూసిందంటే, నీళ్ళచెంబు ఎత్తి దించినంతసేపు.

“ఇడ్లీయే గదా. ఎవరో తింటన్నారు. వెయ్యి బాబాయ్.”

భానుమూర్తికి నమ్మబుద్ధి కాలేదు. “అక్కా, ఇందులో మార్పులేమన్నా...”

“ఇడ్లీకి మార్పేంటయ్యా?” అంది ఆవిడ, వీడికి ఎండదెబ్బ తగిలిందేమోనన్నట్టు చూసి. మళ్ళీ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది.

రెండు గంటల్లో బొమ్మ తయారైంది. ఆవిరి దగ్గర మాత్రం పేరయ్య చెయ్యి ఆపి, కుంచె కొడుక్కిచ్చాడు. “ఇది నీదిరా. నువ్వే వెయ్యి.” భానుమూర్తి ఇంకా వాపు తగ్గని ఎడమ బొటనవేలితో రంగు డబ్బా పట్టుకుని వేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎనామిల్ వాసన వల్ల అని చెప్పాడు. పేరయ్య నాలుగడుగులు వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి, “బయటికొచ్చింది,” అన్నాడు.

మర్నాడు పదిన్నరకు పదకొండు మందీ దిగారు. బండి ముందు నిలబడిపోయారు. పాత బడ్జెట్టు అయిపోయి, కొత్తది ఇంకా మంజూరు కాక, పది రోజులకు పైగా ఒక్క అభిప్రాయమూ లేకుండా గడిపిన మనుషులు. ఇక్కడ మీటరు లేదు! పళ్ళెం గురించి, తుంచినచోటు గురించి, ఆవిరి వాలు గురించి ఒకేసారి ఎత్తుకున్నారు. ప్లేట్లలో ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. వెనక లారీవాళ్ళు ఆకలితో అరుస్తున్నారు. నాంచారమ్మ మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు భానుమూర్తిని పట్టుకుని, “వీళ్ళ నోళ్ళకు నువ్వేదో రేటు కట్టావంటగా, ఎంత?” అని అడిగింది. అతను స్లాబులు చెప్పడం మొదలుపెట్టాడు. “అంత లెక్క నావల్ల కాదు,” అని ఆవిడ పలక తీసి, ‘ప్లేటు ఇడ్లీ ముప్పై’ కింద ఇంకో వరస రాయించింది: ‘బొమ్మ మీద మాట పది.’

మర్నాడు అందరికంటే ముందు పరాంకుశంగారు వచ్చారు. ప్లేటు అందుకుని, బొమ్మ వంక చూసి, పలక చదివారు. ఒక ఇడ్లీ తిన్నారు. ఇంక ఉండబట్టలేక జేబులోంచి పది నోటు తీసి బండి మీద పెట్టారు.

“బాగుంది,” అన్నారు.

నాంచారమ్మ నోటు తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. “దీనికి తీసుకోంలే.”

పరాంకుశంగారు నోటు పట్టుకుని అలాగే నిలబడ్డారు. బాగుందన్న మాటకు ఖర్చు లేదన్న సంగతి ఆయన ఉద్యోగంలో ఎన్నడూ ఎదురుకాలేదు. పక్క బల్ల మీద టీ తాగుతున్న భానుమూర్తి తల తిప్పి చూశాడు. పరాంకుశంగారి మొహం మెత్తబడింది. నిజంగా మెత్తబడింది.

“చాలా బాగుంది,” అన్నారు మళ్ళీ. “సరిగ్గా ఇలాంటిదే మా ప్యాకెట్టు మీద ఉంటే ఎంత బాగుండేది! కాకపోతే ఆ తుంచినచోటు కొంచెం...”

నాంచారమ్మ చెయ్యి చాపింది.